కూలబోయే మందిరాన్ని గీసినవాడు



పోయిన వానాకాలంలో మన పక్క పాలెంలోని ప్రార్థన మందిరం మీద పిడుగు పడిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ముందు గోడ మీదున్న సిమెంటు సిలువ సగానికి విరిగి కింద పడింది. రెండు రేకులు పగిలాయి. రాత్రివేళ గనుక లోపల ఎవరూ లేరు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెల్లారేసరికి టీకొట్టు దగ్గర ఒక మాట పుట్టింది: వాళ్ల దేవుడు వాళ్ల గుడినే కాపాడుకోలేకపోయాడని. ఆ మాట నన్ను పెద్దగా బాధపెట్టలేదు. మన విశ్వాసుల మధ్యే పుట్టిన రెండో మాట బాధపెట్టింది. ఆ సంఘంలో ఫలానా ఇంట్లో పాపం ఉందని, అందుకే దేవుడు హెచ్చరించాడని వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకింది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంటి తల్లి మా అరుగు మీద కూర్చుని, "అయ్యగారూ, ఆ పిడుగు మా మూలంగానే పడిందా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను. ప్రార్థన చేశాను. మా ఇంటావిడ మజ్జిగ ఇచ్చి పంపింది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే పదేళ్ల క్రితం, ఇంకో ఊళ్లో సేవ చేస్తుండగా, ఒక సంఘస్థుని ఇల్లు గాలివానకు కూలితే ఆదివారం ప్రసంగంలో అది దేవుని శిక్ష అన్నట్టే మాట్లాడినవాణ్ని నేను. పేరు చెప్పలేదు. చెప్పకుండానే అందరూ అటు తిరిగి చూశారు. ఆ కుటుంబం మళ్లీ మందిరానికి రాలేదు.

ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని ఒక పాత బొమ్మ గురించి రాస్తున్నాను. సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో సంఘ చరిత్ర పుస్తకంలో దాన్ని మొదటిసారి చూశాను. అప్పుడు పరీక్ష కోసం చూశాను గనుక ఏమీ కనబడలేదు. మొన్న ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే చాలా కనబడింది. 1658లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలోని బొమ్మ అది, పాత సెయింట్ పాల్స్ కేథడ్రల్ లోపలి దృశ్యం. గీసినవాడు వెన్సెస్లాస్ హోలర్.

కేథడ్రల్ అంటే మనకు వెంటనే మెదక్ గుర్తొస్తుంది. పెద్ద చర్చిని అలా పిలుస్తారని అనుకుంటాం. కానీ ఆ పేరు సైజును బట్టి వచ్చింది కాదు. బిషప్ కూర్చునే ఆసనాన్ని గ్రీకు, లాటిన్ భాషల్లో 'కాతెద్రా' అంటారు. ఆ ఆసనం ఉన్న చర్చి కేథడ్రల్. లండన్ బిషప్ ఆసనం 604 నుంచీ సెయింట్ పాల్స్ దే. హోలర్ చూసిన కట్టడం మాత్రం 1087లో పాతది కాలిపోయాక మొదలుపెట్టి, తరాల తరబడి కట్టినది. దాదాపు ఆరువందల అడుగుల పొడవు. మన మందిరాలు ఇరవైకి తక్కువ కాకుండా వరసగా అందులో ఇమిడిపోతాయి.

బొమ్మ ఎలా చేశారో కాస్త చెప్పాలి, ఎందుకంటే దాని పద్ధతిలోనే ఒక అందం ఉంది. దీన్ని ఎచింగ్ అంటారు. నున్నటి రాగిరేకు తీసుకుని దాని మీద మైనంలాంటి పూత పలచగా పూస్తారు. ఆ పూత మీద సన్నటి సూదితో గీస్తారు. సూది రాగిని కోయదు, పూతను మాత్రమే తొలగిస్తుంది. తర్వాత రేకును ఆమ్లంలో పెడితే, పూత పోయిన చోటల్లా ఆమ్లం రాగిని తినేసి గాడి చేస్తుంది. పూత కడిగేసి, గాడుల్లోకి సిరా ఎక్కించి, తడి కాగితం పెట్టి యంత్రంలో నొక్కుతారు. బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది గనుక, గీసేవాడు అంతా తిరగేసి గీయాలి, అక్షరాలతో సహా. కంసాలి పని తెలిసినవాళ్లకు ఆ ఓర్పు ఏమిటో తెలుస్తుంది. హోలర్ పుస్తకాల వ్యాపారులకు గంటకు నాలుగు పెన్నీల లెక్కన పని చేసేవాడని, ఇసుక గడియారం ఎదురుగా పెట్టుకుని, మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఇసుక కారకుండా దాన్ని పక్కకు పడుకోబెట్టేవాడని చెబుతారు. కూలికి పని చేసినవాడి నిజాయితీ అది. మాట్లాడిన నిమిషానికి డబ్బు తీసుకోలేదు.

అతను ఇంగ్లండువాడు కాదు. 1607లో ప్రాగ్‌లో పుట్టాడు. జాన్ హస్ సువార్త ప్రకటించిన బొహీమియా దేశం అది. హోలర్‌కు పదమూడేళ్లప్పుడు, 1620లో, ప్రాగ్ పక్కన వైట్ మౌంటెన్ దగ్గర జరిగిన యుద్ధంలో ప్రొటెస్టెంట్లు ఓడిపోయారు. 1627లో అక్కడి ప్రొటెస్టెంటు కులీన కుటుంబాలకు చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది: మతం మారండి, లేదా దేశం విడిచిపొండి. అదే సంవత్సరం ఇరవయ్యేళ్ల హోలర్ ఊరు విడిచి జర్మనీకి వెళ్లాడు. 1636లో ఇంగ్లండుకు చెందిన ఆరుండెల్ ప్రభువు కొలోన్‌లో అతన్ని చూసి కొలువులో చేర్చుకుని లండన్ తీసుకెళ్లాడు. అతని తండ్రి ప్రొటెస్టెంటు అని, దానివల్లే ఆస్తి పోగొట్టుకున్నాడని హోలర్ స్నేహితుడు జాన్ ఆబ్రీ రాశాడు. హోలర్ మాత్రం కేథలిక్కుగా చనిపోయాడని కూడా ఆ ఆబ్రీయే రాశాడు. ఎవరి పక్షమని చెప్పాలి? నాకు ఆ ప్రశ్న ఇప్పుడు అంత ముఖ్యంగా అనిపించడం లేదు.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. పడమటి ద్వారం వైపు నుంచి లోపలికి చూస్తున్నట్టుగా ఉంటుంది. రెండు పక్కలా లావుపాటి స్తంభాలు, వాటి మీద గుండ్రని కమానులు, ఒకదాని వెనక ఒకటి పన్నెండు. పైన రాతి కప్పు, ముందుకు పోయేకొద్దీ గీతలన్నీ దగ్గరవుతూ తూర్పు వైపుకు కన్నును లాక్కుపోతాయి. బొమ్మ మీద లాటిన్‌లో ఈ భాగం పేరు రాసి ఉంది: 'నావిస్'. సంఘం నిలబడే పొడవాటి నడిమి భాగానికి పడమటి దేశాల చర్చిల్లో ఆ పేరే ఉంది. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ. మన 'నావ' అన్న మాటకు అది దగ్గరి చుట్టం. సంస్కృతం నుంచి మనకొచ్చిన మాటా, లాటిన్ మాటా ఒకే మూలం నుంచి పుట్టినవే. సంఘాన్ని నోవహు ఓడతో పోల్చడం పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం చదివినవాళ్లకు కొత్త కాదు. శిష్యులు ఉన్న దోనె మీద తుఫాను లేచిన కథ కూడా మార్కు నాలుగులో ఉంది. ఇలాంటి చర్చి కప్పును కింద నుంచి చూస్తే బోర్లించిన పడవ లోపలి పక్కటెముకల్లా ఉంటుంది. కాకినాడలో పడవలు కట్టే చోట నేను చూసిన చెక్క ఎముకలు సరిగ్గా అలాగే ఉన్నాయి.

ఆ కాలపు వాళ్లు ప్రతి రాయికీ ఒక అర్థం చెప్పుకున్నారు. పదమూడో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు బిషప్ గియోమ్ దురాన్ ఒక పెద్ద పుస్తకమే రాశాడు. చర్చి నేల మీద సిలువ ఆకారంలో ఎందుకుంటుంది, ముఖం తూర్పుకు ఎందుకుంటుంది, స్తంభాలు ఎవరు, సున్నం ఏమిటి అని వరసగా చెప్పుకుంటూ పోతాడు. స్తంభాలు సంఘాన్ని మోసే బోధకులట. రాళ్లను కలిపే సున్నం ప్రేమట. కిటికీ అద్దాలు లేఖనాలట, గాలినీ వాననూ ఆపి వెలుగును మాత్రం లోపలికి రానిస్తాయి గనుక. ఇందులో కొన్ని నాకు మరీ లాగి చెప్పినట్టు అనిపిస్తాయి. కిటికీ పోలిక మాత్రం మనసుకు పట్టింది. హోలర్ బొమ్మలో కూడా పైవరస కిటికీల నుంచి వెలుగు పడి, స్తంభాలకు ఒక పక్క తెల్లగా, ఒక పక్క దగ్గర దగ్గర గీతలతో నల్లగా ఉంటుంది. తెలుపు కోసం అతను ఏమీ గీయలేదు. కాగితాన్ని వదిలేశాడు, అంతే.

ఆ స్తంభాలు చూసినవి చాలా ఉన్నాయి. కేథడ్రల్ బయట ఆవరణలో 'పాల్స్ క్రాస్' అనే బహిరంగ ప్రసంగ వేదిక ఉండేది. 1526లో లండన్ బిషప్ టన్‌స్టల్ అక్కడే విలియం టిండేల్ తర్జుమా చేసిన ఇంగ్లిషు కొత్త నిబంధన ప్రతులను తగలబెట్టించాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి రాజాజ్ఞ మీద ఇంగ్లిషు బైబిలు ప్రతులు ఆరు అదే కేథడ్రల్ లోపల పెట్టారు, ఎవరైనా వచ్చి చదువుకునేలా. జాన్ పోర్టర్ అనే యువకుడు వచ్చి గట్టిగా, స్పష్టంగా చదివేవాడు. చదవడం రానివాళ్లు చుట్టూ మూగేవారు. ఆ గుంపు చూసి కొత్త బిషప్ బోనర్‌కు కోపం వచ్చింది. పోర్టర్‌ను న్యూగేట్ జైలులో వేశారు, అక్కడే చనిపోయాడు. ఈ సంగతి జాన్ ఫాక్స్ హతసాక్షుల చరిత్రలో ఉంది. మన అమ్మమ్మల కాలంలో, ఊళ్లో చదువు వచ్చినవాడు ఒక్కడే ఉంటే, కిరోసిన్ దీపం చుట్టూ కూర్చుని అతని చేత వాక్యం చదివించుకునేవారు. ఆ గుంపును గురించి చదివినప్పుడు నాకు అదే కళ్ల ముందు కదిలింది.

అంత పవిత్రంగా ఉండేదా ఆ నావ అంటే, లేదు. లండన్ వాళ్లకు అది అడ్డదారి. సరుకులు మోసుకుంటూ ఒక ద్వారంలో వచ్చి ఇంకో ద్వారంలో పోయేవారు. బేరాలు, కబుర్లు, కొలువు కోసం వెతుక్కునే పనివాళ్లు, జేబుదొంగలు. దానికి 'పాల్స్ వాక్' అని పేరే పడిపోయింది.

ఇక పిడుగు సంగతి. ఆ కేథడ్రల్ నడిమి గోపురం మీద చెక్కతో కట్టి సీసం రేకు తొడిగిన శిఖరం ఉండేది. నేల నుంచి కొన చూస్తే 450 అడుగులకు పైగా ఎత్తు. కొనకు ఒక గోళం, దాని మీద సిలువ. 1314 ప్రాంతంలో దాన్ని బాగు చేసినప్పుడు, తుఫానుల నుంచి కాపాడతాయని నమ్మి, పరిశుద్ధుల శేషాలను ఆ సిలువలో ఉంచారు. 1444లో పిడుగు పడి శిఖరం అంటుకుంది. బాగుచేశారు. 1561 జూన్ 4న మధ్యాహ్నం మళ్లీ పిడుగు పడింది. ఈసారి ఆపలేకపోయారు. కొన్ని గంటల్లో శిఖరం మొత్తం కాలి, కప్పు మీద కూలి, కప్పంతా అంటుకుంది. గంటలు కరిగిపోయాయి. కప్పు తిరిగి వేశారు గానీ శిఖరం మళ్లీ కట్టలేదు.

ఎలిజబెత్ రాణి సింహాసనం ఎక్కి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. దేశం ప్రొటెస్టెంటు మార్గంలోకి కొత్తగా తిరిగింది. ఆ వచ్చిన ఆదివారం, జూన్ 8న, డరమ్ బిషప్ జేమ్స్ పిల్కింగ్టన్ పాల్స్ క్రాస్ దగ్గర ప్రసంగించాడు. ఆయన మనవాడే, సువార్త కోసం దేశం వదిలి తిరిగొచ్చినవాడు. ఇది దేవుని హెచ్చరిక అన్నాడు. మందిరంలో నడకలు, బేరాలు, తగవులు పెట్టుకుని దాన్ని అపవిత్రం చేశారు, మారకపోతే ఇంతకంటే పెద్దది వస్తుంది అన్నాడు. వెంటనే అవతలి పక్షం నుంచి ఒక కరపత్రం బయలుదేరింది. అవును, దేవుని కోపమే, కానీ కారణం అది కాదు. పాత ఆరాధనను, గోపురం ఎక్కి చేసే ప్రార్థనలను మీరు తీసేశారు, అందుకే పిడుగు పడింది అని. పిల్కింగ్టన్ దానికి ఒక పుస్తకమంత జవాబు రాశాడు.

ఒకే పిడుగు, రెండు ప్రసంగాలు. ఇద్దరికీ అది ఎదుటివాడి పాపాన్నే చూపించింది. పిల్కింగ్టన్ మీద నాకు గౌరవం ఉంది, మందిరంలో బేరాల గురించి ఆయన అన్నది నిజం కూడా. అయినా ఆ ప్రసంగం వివరాలు చదువుతుంటే నాకు నా గొంతే వినబడింది, ఆ పదేళ్ల కిందటి ఆదివారం నాది. శేషాలు దాచిన సిలువ మీదా 1444లో పిడుగు పడింది, సంస్కరణ జరిగిన కేథడ్రల్ మీదా 1561లో పడింది. ఆ చుట్టుపక్కల అంతెత్తు కట్టడం మరొకటి లేదు గనుక దాని మీద పడింది. పిడుగును నేలలోకి దింపే కడ్డీ కనిపెట్టడానికి ఇంకా దాదాపు రెండు వందల ఏళ్లు ఉంది.

ప్రభువు దగ్గరికి కూడా ఇలాంటి వార్తే ఒకటి వచ్చింది. లూకా పదమూడో అధ్యాయం తెరవండి. పిలాతు గలిలయుల్ని చంపించిన సంగతి కొందరు వచ్చి చెప్పారు. ఆయన దానికి తోడు ఇంకొకటి తానే గుర్తు చేశాడు: సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోవడం. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే పెద్ద పాపులా అని అడిగి, కాదని తానే తేల్చేశాడు. ఆ తర్వాత మారుమనస్సు మాట చెప్పాడు, కానీ ఎవరికి చెప్పాడో గమనించండి. చనిపోయినవాళ్ల ఇళ్లకు కాదు. వార్త మోసుకొచ్చినవాళ్లకు, చుట్టూ నిలబడి వింటున్నవాళ్లకు. మన తెలుగు బైబిల్లో 'గోపురము' అన్న మాటే ఉంది. ఎన్నిసార్లు చదివానో ఆ భాగం. అయినా ఆ తల్లి అరుగు మీద కూర్చుని అడిగేదాకా అది నాకు సంబంధించిన వచనమని తెలియలేదు.

తిరిగి హోలర్ దగ్గరికి వెళ్దాం. అతను లండన్ చేరినప్పుడు కేథడ్రల్‌కు పెద్ద మరమ్మతు జరుగుతోంది. ఇనిగో జోన్స్ పడమటి ముఖాన పెద్ద స్తంభాల మండపం కడుతున్నాడు. తర్వాత 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. మరమ్మతు డబ్బు పోయింది. పాల్స్ క్రాస్‌ను 1643లో పడగొట్టారు. కప్పుకు ఆసరాగా కట్టిన సారువ కర్రలను సైనికుల జీతం బాకీ కింద ఇచ్చేస్తే, అవి ఊడదీయగానే దక్షిణపు భుజం కప్పు కూలింది. మండపంలో చిల్లర దుకాణాలు వెలిశాయి. ఆ నావలో, పోర్టర్ బైబిలు చదివిన ఆ కట్టడంలో, అశ్వదళం గుర్రాలు కట్టేశారు. తూర్పు చివర మాత్రం గోడ అడ్డం పెట్టుకుని ప్రసంగాలు జరుపుకున్నారు. గోడకు ఒక పక్క వాక్యం, ఇంకో పక్క గడ్డి, పేడ. ఇదంతా చేసింది మన ప్రొటెస్టెంటు పక్షమేనని దాచుకోకుండా చెప్పాలి. విగ్రహాల మీద వాళ్లకున్న అభ్యంతరం నాకు అర్థమవుతుంది, చాలావరకు అది నాదీనూ. గుర్రాల సంగతి మాత్రం అర్థం కాదు.

యుద్ధకాలంలో హోలర్ ఆంట్వెర్ప్ వెళ్లిపోయి 1652లో తిరిగొచ్చాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఇంగ్లండు మనుషులు ధనికులైనా పేదలైనా ముఖాలు కళకళలాడుతూ ఉండేవారని, తిరిగొచ్చేసరికి ఎవరో మంత్రం వేసినట్టు అందరి ముఖాల్లో దిగులు, కక్ష కనబడ్డాయని అతను ఆబ్రీతో చెప్పుకున్నాడు. ముఖాలు చూసి బతికే చిత్రకారుడి మాట గనుక దాన్ని నేను నమ్ముతాను.

అప్పుడే విలియం డగ్డేల్ అనే చరిత్రకారుడు సెయింట్ పాల్స్ చరిత్ర రాస్తున్నాడు. యుద్ధం రాబోతోందని ముందే పసిగట్టి, 1641లోనే చర్చిలు తిరిగి సమాధుల మీది రాతలన్నీ ఎత్తి రాసుకున్న మనిషి. బొమ్మలకు హోలర్‌ను పెట్టుకున్నాడు. ఖర్చు భరించిన దాతల చిహ్నాలు బొమ్మల మీద కనబడతాయి, మన మందిరాల్లో ఫ్యాన్ల రెక్కల మీద పేర్లు రాయించుకున్నట్టు. అలా తయారైన బొమ్మల్లో ఒకటి నేను చెబుతున్న నావ. ఆ బొమ్మలో గుర్రాలు లేవు. సిపాయిలు లేరు. కూలిన కప్పు లేదు. ఇంకో బొమ్మలో ఏకంగా ఆ కాలిపోయిన శిఖరాన్ని నిలబెట్టి గీశాడు. అది కాలిన నలభై ఆరేళ్లకు పుట్టినవాడు, తన కళ్లతో ఎన్నడూ చూడనిదాన్ని. పిడుగు తగలకముందు ఇలా ఉండేదని పక్కన లాటిన్‌లో రాసి మరీ గీశాడు.

మొదట ఇది అబద్ధం కదా అనిపించింది నాకు. ఉన్నది ఉన్నట్టు గీయాలి కదా. తర్వాత అతని సంతకం లాంటి ఒక వాక్యం చదివాను. ఈ వరసలోని ఒక బొమ్మ మీద లాటిన్‌లో తన గురించి తాను రాసుకున్నాడు. బొహీమియావాడైన హోలర్, ఈ చర్చిని ఒకప్పుడు చూసి మురిసినవాడు, ఇప్పుడు దాన్ని గీసినవాడు, రోజూ పడిపోతుందేమోనని ఎదురుచూస్తున్న ఈ కట్టడపు జ్ఞాపకాన్ని ఇలా భద్రపరిచాడని దాని సారాంశం. ఎవరు పాడుచేశారో రాయలేదు. ఎవరి పాపమో రాయలేదు. దేశం పోగొట్టుకున్న మనిషి, పరాయి ఊళ్లో, గంటకు నాలుగు పెన్నీల పనివాడు, కూలబోయేదాని పక్కన కూర్చుని దాని స్తంభాలు లెక్కపెట్టుకుంటూ గీశాడు. యోబు స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారని ఉంది కదా. వాళ్లు చేసిన మంచి పని ఆ ఏడు రోజులే. నోరు తెరిచాక చెడగొట్టారు. హోలర్ ఆ ఏడు రోజుల దగ్గరే ఉండిపోయినట్టు నాకు అనిపించింది.

బొమ్మలు అచ్చయిన ఎనిమిదేళ్లకే అతను భయపడింది జరిగింది. 1666 సెప్టెంబరు 2న లండన్‌లో మంటలు లేచాయి, 4వ తేదీన కేథడ్రల్ అంటుకుంది. మరమ్మతు కోసం మళ్లీ కట్టిన సారువ కర్రలే నిప్పుకు మెట్లయ్యాయి. పైకప్పు సీసం కరిగి వీధుల్లో ప్రవహించిందని జాన్ ఎవ్లిన్ దినచర్యలో రాశాడు. చుట్టుపక్కల పుస్తకాల వ్యాపారులు, రాతి కట్టడం కదా భద్రమని, తమ సరుకంతా కింది నేలమాళిగలోని సెయింట్ ఫెయిత్స్ చర్చిలో దాచుకున్నారు. అన్నీ బూడిదయ్యాయి. రాతి కట్టడం పోయింది, కాగితం మీది బొమ్మ మిగిలింది. ఈరోజు ఆ పాత నావ లోపలి రూపం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ముందుగా తెరిచేది హోలర్ బొమ్మలనే.

మంటల్లో మిగిలినవాటిలో ఒకటి జాన్ డన్ విగ్రహం. 1621 నుంచి 1631 దాకా ఆ కేథడ్రల్ డీన్‌గా ఉన్న గొప్ప ప్రసంగీకుడు ఆయన. చనిపోయే ముందు ప్రేతవస్త్రం చుట్టుకుని నిలబడి తన రూపం గీయించుకున్నాడు. దాన్ని బట్టి చెక్కిన రాతి విగ్రహం, కింది కలశం మీద మసి మరకలతో, ఇప్పటి కేథడ్రల్‌లో నిలబడి ఉంది. ఇప్పటిది క్రిస్టఫర్ రెన్ కట్టినది, 1675లో మొదలై 1710 నాటికి పూర్తయింది. దాని గుమ్మటం మధ్య బిందువు గుర్తు పెట్టడానికి ఒక చదును రాయి తెమ్మని రెన్ కూలివాణ్ని పంపితే, శిథిలాల్లోంచి అతను తెచ్చిన ముక్క ఒక పాత సమాధి రాయి అని రెన్ కుటుంబం రాసిన జ్ఞాపకాల్లో ఉంది. దాని మీద ఒక్క లాటిన్ మాటే మిగిలింది: 'రెసుర్గమ్', నేను తిరిగి లేస్తాను అని. ఆ మాటను ఇప్పుడు దక్షిణపు గోడ మీద, మంటల్లోంచి లేస్తున్న పక్షి బొమ్మ కింద చూడొచ్చు.

హోలర్ కొడుకు 1665 ప్లేగులో చనిపోయాడు. హోలర్ 1677 మార్చి 25న, సుమారు రెండువేల ఏడువందల ఎచింగులు చేసి, డబ్బు లేకుండా చనిపోయాడు. చివరి గంటల్లో అప్పులవాళ్ల మనుషులు సామాను జప్తు చేయడానికి వస్తే, తాను పోయేదాకా ఆ మంచం ఒక్కటి ఉండనివ్వమని అడిగాడని తర్వాతి తరంవాళ్లు రాసి పెట్టారు.

పక్క పాలెం మందిరం పాత గోడలు వచ్చే నెల తీసేస్తున్నారు. పెద్దలు కొత్తది కట్టాలని నిర్ణయించారు, ఈసారి పిడుగు కడ్డీ కూడా పెట్టిస్తామన్నారు. ఆ గోడలు లేచి నలభై ఏళ్లకు పైనే అయింది. ఎవరి దగ్గరైనా లోపలి ఫోటో ఉందా అని అడిగాను. పెళ్లి ఫోటోల వెనక కనబడే ముక్కలు తప్ప ఏమీ లేవు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నేను సైకిలు మీద అక్కడికి వెళ్లి, ఆ తల్లిని కలిసి, ఆమెను ముందే అడిగి, లూకా పదమూడు చదివాను. పదేళ్ల క్రితం నేను చేసిన ప్రసంగం సంగతి కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్ల ఊరు వెళ్లి చెప్పారా అయ్యగారూ?" అని అడిగింది. ఇంకా వెళ్లలేదు. ఈ నెలాఖరున బస్సు చూసుకోవాలి.

ఆమె కొడుకు, ఇంటర్ చదువుతున్న కుర్రాడు, ఫోన్ పట్టుకుని మందిరం లోపలా బయటా తిరిగి నలభై ఫోటోలు తీశాడు. పగిలిన రేకుల్లోంచి ఎండ పడుతున్న నేల, మేకులకు వేలాడే తోరణాలు, వాక్యాలు రాసిన గోడ. విరిగిన సిలువ ముక్కలు రెండూ గోడకు ఆనించి ఒకటి తీశాడు. దాంట్లో ఒక పక్కన వాళ్లమ్మ చీపురు పట్టుకుని ఊడుస్తూ ఉంది.